కీనై నదిలో సాల్మన్ గాలం: ఊరి ఒడ్డునా, పంటు దాటా, గైడ్ పడవలోనా?

అలాస్కా వెళ్లే తెలుగు కుటుంబాలు వేసవిలో ఏటా ఉంటాయి. డెనాలి, హిమనదాలు, సివర్డ్‌లో తిమింగలాల పడవ అయ్యాక ఒకటి రెండు రోజులు మిగిలితే సాల్మన్ పడదామన్న ఆలోచన వస్తుంది. ఎవరిని అడిగినా కీనై అనే చెబుతారు. కానీ కీనైలో చేప పట్టడానికి దారులు చాలా ఉన్నాయి. ఖర్చు అరవై డాలర్ల నుంచి మూడొందల పైదాకా మారుతుంది. తప్పు తేదీకి తప్పు దారి పడితే మూడొందలు పెట్టినా ఖాళీ చేతులే.

సముద్రం నుంచి ఏటికి ఎదురెక్కే చేప అంటే మనకు గోదావరి పులస. సాల్మన్‌దీ అదే నడక, కాబట్టి తేదీయే అన్నిటికంటే ముఖ్యం. చేప ఏట్లో లేని వారంలో లైసెన్సు, పడవ, గైడు అన్నీ ఉన్నా ఏం లాభం లేదు.

## ముందు నది సంగతి

కీనై 82 మైళ్ల నది. కూపర్ లాండింగ్ దగ్గర కీనై సరస్సులోంచి బయటికొచ్చి, మధ్యలో స్కిలాక్ సరస్సులో దూరి, సొల్డొట్నా ఊరు దాటి కీనై పట్టణం దగ్గర కుక్ ఇన్‌లెట్ సముద్రపాయలో కలుస్తుంది. స్కిలాక్‌కు పైభాగం ఎగువ కీనై, స్కిలాక్ నుంచి సొల్డొట్నా వంతెన వరకు మధ్య కీనై, వంతెన నుంచి సముద్రం దాకా 21 మైళ్లు దిగువ కీనై. నిబంధనలు ఈ మూడు ముక్కలకూ వేరువేరు. ఎగువ కీనైలో కలిసే ఉపనది రష్యన్ రివర్‌కు మళ్లీ ఇంకో రకం. యాంకరేజ్ నుంచి కూపర్ లాండింగ్ సుమారు 100 మైళ్లు, రెండు గంటలు. సొల్డొట్నా 150 మైళ్లు, మూడు గంటలు.

ఏ రకం సాల్మన్ ఎప్పుడు అనేది టూకీగా:

- సాకై, మొదటి విడత: రష్యన్ రివర్ కోసం వచ్చేవి. ఎగువ కీనై, రష్యన్ రివర్ జూన్ 11న తెరుస్తారు. ఆ రోజు నుంచి జూన్ చివరి దాకా బాగుంటుంది.
- సాకై, రెండో విడత: అసలు జాతర ఇదే. జులై రెండో వారం నుంచి నెలాఖరు దాటే వరకు దిగువ, మధ్య కీనైలో. అవే చేపలు ఎగువకు చేరేసరికి ఆగస్టు.
- పింక్: సరి సంఖ్య సంవత్సరాల్లో మాత్రమే, ఆగస్టులో.
- కోహో: ఆగస్టు, సెప్టెంబరు.
- కింగ్: 1985లో 97 పౌండ్ల 4 ఔన్సుల చేప దొరికింది ఈ నదిలోనే. ఆ పేరు చూసి ఆశపడకండి. చేపలు బాగా తగ్గిపోయి 2023, 2024, 2025 సీజన్లలో కింగ్ వేట మూసే ఉంచారు. పొరపాటున గాలానికి పడితే నీళ్లలోంచి పైకి తీయకుండానే వదలాలి.

## లైసెన్సు: ఎవరికి, ఎన్ని రోజులకు

అలాస్కాలో కనీసం 12 నెలలుగా స్థిరంగా ఉంటున్నవాళ్లు రెసిడెంట్లు. టెక్సస్ నుంచి వచ్చినా, కాకినాడ నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలైనా నాన్ రెసిడెంట్ కిందే లెక్క. నాన్ రెసిడెంట్ స్పోర్ట్ ఫిషింగ్ లైసెన్సు రుసుము ఇది:

| కాలం | లైసెన్సు | కింగ్ స్టాంపు (అదనం) |
|---|---|---|
| 1 రోజు | 15 డాలర్లు | 15 డాలర్లు |
| 3 రోజులు | 30 | 30 |
| 7 రోజులు | 45 | 45 |
| 14 రోజులు | 75 | 75 |
| ఏడాది | 100 | 100 |

ఇక్కడ డబ్బు వృథా అయ్యే చోట్లు మూడు. మొదటిది కింగ్ స్టాంపు, అంటే కింగ్ సాల్మన్ పట్టడానికి కావాల్సిన అదనపు అనుమతి. కీనైలో సాకైకీ కోహోకీ అది అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొంటున్నప్పుడు ఆ గడి కనిపించగానే చాలామంది టిక్ పెట్టేస్తారు. రెండోది రోజుల లెక్క. రెండు రోజుల వేటకు రెండు ఒకరోజు లైసెన్సులు కొన్నా, మూడు రోజులది కొన్నా ముప్పై డాలర్లే. మూడోరోజు ఊరికే వచ్చినట్టు. మూడు దాటితే ఏడు రోజులది తీసుకోండి. మూడోది పిల్లలది: 16 ఏళ్లు నిండని నాన్ రెసిడెంట్లకు లైసెన్సే అవసరం లేదు. వాళ్ల రోజువారీ వాటా (రోజుకు ఉంచుకోగల చేపల లెక్క) వాళ్లకు విడిగా ఉంటుంది.

60 దాటినవాళ్లకు ఉచితం అనే మాట వినిపిస్తుంది. అది అలాస్కా నివాసులకే. తాతగారికి 75 ఏళ్లున్నా, గాలం పట్టుకుంటే లైసెన్సు ఉండాలి. ఫొటో కోసమని చేప లాగుతున్న రాడ్డును లైసెన్సు లేనివాళ్ల చేతికిచ్చినా అది వేట కిందే లెక్క. రేంజర్లు రోజూ తిరుగుతారు, అడుగుతారు. ఒడ్డున కూర్చుని చూసేవాళ్లకు ఏదీ అక్కర్లేదు. కాబట్టి నలుగురు కుటుంబంలో ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలైతే ఒకరోజు లైసెన్సులకు 30 డాలర్లు చాలు.

లైసెన్సు అలాస్కా ఫిష్ అండ్ గేమ్ శాఖ వెబ్‌సైట్‌లో కొనొచ్చు. ఊళ్లలో పెద్ద కిరాణా దుకాణాల్లోనూ గాలాల కొట్లలోనూ అమ్ముతారు. కొన్న రోజే అదే వెబ్‌సైట్‌లో ఎమర్జెన్సీ ఆర్డర్లు చూడండి. అచ్చు పుస్తకంలో ఉన్న నిబంధనను సీజన్ మధ్యలో మార్చేసే ఉత్తర్వులివి. సాకై వాటా మామూలుగా రోజుకు 3. చేప బాగా ఎక్కిన ఏడాది జులైలో దాన్ని 6కు పెంచుతారు, ఎక్కకపోతే మూసేస్తారు. బయల్దేరే ముందురోజు రాత్రి ఇంకోసారి చూసుకోవడం మంచిది.

## దారులు పక్కపక్కన

| దారి | మంచి కాలం | లైసెన్సు కాక, మనిషికి సుమారు ఖర్చు | శ్రమ | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| సొల్డొట్నా ఒడ్డు | జులై 10 తర్వాత | 45–60 డాలర్లు | మధ్యస్థం | కుటుంబాలు, మొదటిసారివాళ్లు |
| రష్యన్ రివర్, పంటు | జూన్ 11–నెలాఖరు, ఆగస్టు | 55–75 | ఎక్కువ | నడవగలిగినవాళ్లు |
| గైడ్ డ్రిఫ్ట్ బోటు (మోటారు లేకుండా ప్రవాహంతో సాగే పడవ), ఎగువ కీనై | జూన్ చివర నుంచి సెప్టెంబరు | 250–320 (టిప్పుతో, అర రోజు) | మధ్యస్థం | ఒక్కరోజే ఉన్నవాళ్లు |
| గైడ్ మోటారు పడవ, మధ్య, దిగువ కీనై | ఆగస్టు, సెప్టెంబరు కోహో | 250–350 | తక్కువ | పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు |
| అద్దె తెప్ప | ఎగువ కీనై | గైడ్ ఖర్చులో సగం లోపు, నలుగురైతే | చాలా ఎక్కువ | ఏరు తెలిసినవాళ్లు మాత్రమే |

ఒడ్డు ఖర్చులో ఎక్కువ భాగం రాడ్డు, వేడర్ల (నీళ్లలో దిగడానికి వేసుకునే తడవని ప్యాంటు) అద్దెకే పోతుంది. మిగతాది పార్కింగ్, పంటు.

### సొల్డొట్నా ఒడ్డు

జులైలో వెళ్తున్నవాళ్లకు ఇంతకంటే తేలిక దారి లేదు. సెంటెనియల్ పార్కు, సొల్డొట్నా క్రీక్ పార్కు, స్విఫ్ట్‌వాటర్ పార్కు, రోటరీ పార్కుల్లో నది వెంట ఇనుప జాలీ నడకదారులు, అక్కడక్కడ నీళ్లలోకి దిగే మెట్లు ఉన్నాయి. పిల్లలతో వెళ్తే క్రీక్ పార్కు ఎంచుకోండి. ఆటస్థలం, మరుగుదొడ్లు పక్కనే. అమ్మమ్మ బల్ల మీద కూర్చుని చూడొచ్చు.

హక్కు సంగతి ఒకటి తెలుసుకోవాలి. ఊళ్లో ఒడ్డు చాలా వరకు ప్రైవేటు స్థలం. నదీగర్భం, అంటే మామూలు వరద గీత కింది భాగం, రాష్ట్రానిది. ప్రజలందరూ దిగొచ్చు. కానీ నీళ్ల దాకా చేరడానికి ఒకరి పెరడు దాటకూడదు. పార్కు మెట్ల మీదుగా దిగి నీళ్లలోనే నడిచి జరగడం సరైన పద్ధతి. జులైలో కొన్ని ఒడ్లను గడ్డి, పొదలు తొక్కుడుకు పోకుండా మూసేస్తారు. పిల్ల సాల్మన్లు ఆ వేళ్ల నీడలోనే పెరుగుతాయి. బోర్డు ఉన్నచోట అడుగు పెట్టకండి.

చేప ఎక్కుతోందో లేదో తెలుసుకోవడానికి మంచి సాధనం ఉంది. సముద్రం నుంచి 19వ మైలు దగ్గర సోనార్ (ధ్వని తరంగాలతో చేపలను పసిగట్టే పరికరం) పెట్టి, దాటిన సాకైలను రోజూ లెక్కగట్టి వెబ్‌సైట్‌లో పెడతారు. రోజుకు ఇరవై, ముప్పై వేలు దాటుతుంటే ఒడ్డు మీద మొదటిసారివాళ్లకూ చేప దక్కుతుంది. పార్కులు సోనార్‌కు కొద్ది మైళ్ల పైనే ఉన్నాయి కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ్టికి పనికొస్తుంది. పది వేల లోపు ఉంటే పొద్దంతా నిలబడే ఓపిక ఉంటేనే వెళ్లండి.

### అసలు సాకై ఎలా పడుతుంది

ఒడ్డున దిగేవాళ్లందరికీ ఇది అవసరం. ఏట్లోకి వచ్చాక సాకై మేత మానేస్తుంది. ఎర చూపినా తినదు. నోరు తెరుచుకుంటూ ఎదురీదుతుంటే, అడ్డంగా సాగే దారం ఆ నోట్లో పడి కొక్కెం మూతి అంచున తగులుకుంటుంది.

కట్టే పద్ధతి: ఒకే కొక్కెమున్న ఫ్లై (కొక్కేనికి కట్టిన కృత్రిమ ఎర), దానికి రెండు మూడు అడుగుల పైన సీసం గుళ్లు, 20–25 పౌండ్ల బలమున్న దారం. దూరం విసరక్కర్లేదు. రాడ్డు చివర నుంచి పది పదిహేను అడుగుల దారం చాలు. ఎగువకు ఏటవాలుగా వేసి, సీసం అడుగు రాళ్లను టిక్ టిక్ అని తాకుతూ దిగువకు వచ్చేదాకా రాడ్డును దాంతోపాటే తిప్పి, చివర్లో పక్కకు లాగి మళ్లీ ఎగువకు వేయాలి. టిక్ టిక్ వినిపించకపోతే బరువు చాలలేదు. అడుగడుక్కీ పట్టేసుకుంటుంటే ఒక గుండు తీసేయాలి. అందరూ చేసే పొరపాటు లోతుకు దిగిపోవడం. సాకై ఒడ్డుకు ఐదు నుంచి పది అడుగుల దూరంలో, మోకాలి లోతులో ఈదుతుంది. నడుం లోతుకు దిగినవాళ్లు చేపల దారిలోనే నిలబడి, చేపలు లేనిచోట వేస్తుంటారు.

నోటికి కాక రెక్కకో పొట్టకో కొక్కెం తగిలితే చేపను వెంటనే వదిలేయాలి. ఇది చట్టం. అలా తగిలిన చేప బలంగా అడ్డం తిరిగి దిగువకు పరిగెడుతుంది, అందుకే తెలిసిపోతుంది. దాంతో కుస్తీ పట్టకుండా రాడ్డును దారం వైపు చూపించి తెంపేయడం మేలు. ఇంకొకటి: దారం బిగిసి ఉన్నప్పుడు కొక్కెం ఊడితే సీసం గుండు తుపాకీ గుండులా వెనక్కొస్తుంది. రాడ్డును పైకి కాదు, కిందకు వంచి పక్కకు లాగండి. కంటి అద్దాలు లేకుండా ఏ పిల్లనూ అక్కడ నిలబెట్టకండి.

### రష్యన్ రివర్, పంటు

జూన్‌లో వెళ్తే ఇదే దారి. స్టెర్లింగ్ హైవే పక్కన స్పోర్ట్స్‌మన్స్ లాండింగ్‌లో బండి పెట్టి, తీగకు కట్టి నది వేగంతోనే నడిచే పంటు ఎక్కి అవతలి ఒడ్డుకు పోవాలి. రెండు నదులు కలిసే చోటు అదే. పార్కింగుకూ పంటుకూ విడివిడిగా డబ్బు కట్టాలి. ఇంకో దారి రష్యన్ రివర్ క్యాంప్‌గ్రౌండ్ లోపల్నుంచి మెట్లు దిగి ఉపనదికి చేరడం. అక్కడ నీరు తేటగా ఉంటుంది, నీటి మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే చేప కనిపిస్తుంది. చూస్తూ వేయొచ్చు కాబట్టి నేర్చుకోవడానికి కీనై కంటే ఇదే మంచి చోటు. చేప బాగా ఎక్కిన వారాంతాల్లో పార్కింగు అర్ధరాత్రికే నిండి, బయట బండ్లు వరుస కడతాయి. వారం మధ్యలో వెళ్లండి.

ఇక్కడ నిబంధనలు గట్టివి. సీజన్‌లో ఫ్లై మాత్రమే వాడాలి. కొక్కెం మొనకూ కాడకూ మధ్య ఖాళీ అంగుళంలో మూడు ఎనిమిదో వంతు మించకూడదు. బరువు ఫ్లైకి కనీసం 18 అంగుళాల పైన ఉండాలి. సొల్డొట్నాలో కొన్న పెద్ద కొక్కేలు ఇక్కడ చెల్లకపోవచ్చు, కూపర్ లాండింగ్ కొట్టులో రష్యన్ రివర్ ఫ్లై అని అడిగితే సరైన కొలతదే ఇస్తారు. మామూలు స్పిన్నింగ్ రాడ్డుకు ఆ ఫ్లై కట్టుకున్నా ఫర్వాలేదు. నదులు కలిసే చోట కొంత భాగం జులై మధ్య దాకా అభయస్థలం. బోర్డులు చదవకుండా గాలం వేయకండి.

ఎలుగుబంట్లు ఇక్కడ నిజంగానే వస్తాయి. చేపల తాడు, తిండి సంచి, ఐస్ పెట్టె ఎప్పుడూ చేతికందే దూరంలో ఉండాలి. ఒడ్డున వదిలేసి పది గజాలు పోతే జరిమానా, లేదా ఎలుగుబంటి. ఒక్కసారి మనిషి సంచిలో తిండి రుచి చూసిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి దాన్ని కాల్చేయాల్సి వస్తుంది. కోసిన చేప ముళ్లగూడును చిన్న ముక్కలు చేసి వేగంగా పారే లోతు నీళ్లలోకి విసరాలి. ఐదారేళ్ల పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ చోటు వదిలేసి, తేదీ కుదిరితే సొల్డొట్నా చూసుకోవడం నయం.

ఆగస్టు మధ్య దాటాక రష్యన్ రివర్‌లో ఎర్రగా, గూని వీపుతో సాకైలు గుంపులుగా కనిపిస్తాయి. అందంగా ఉన్నా గుడ్లు పెట్టడానికి సిద్ధమైన చేపలవి. మాంసం పాలిపోయి మెత్తబడుతుంది. వెండి మెరుపున్నదే తినడానికి.

### గైడ్ పడవ

గైడ్ అంటే కూర్చుని పట్టడం అనుకుని బుక్ చేసేవాళ్లు నిరాశపడతారు. ఎగువ కీనై డ్రిఫ్ట్ బోటు సాకై ట్రిప్పులో పడవ మిమ్మల్ని గులకరాళ్ల మేట దాకా తీసుకెళ్లి దించుతుంది. పట్టడం నీళ్లలో నిలబడే. మీరు కట్టే డబ్బు జనం లేని చోటుకు, సరైన బరువు కట్టిపెట్టే చేతికి, తేదీ అనుభవానికి. పెద్దవాళ్లు పడవలోనే కూర్చుని చేప పట్టాలంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో మధ్య లేదా దిగువ కీనైలో కోహో ట్రిప్పు అడగండి. కోహో నిజంగానే కొరుకుతుంది.

బుక్ చేసే ముందు అడగాల్సినవి: వేడర్లు, వాన కోట్లు ధరలో ఉన్నాయా, చేప కోసి ఇస్తారా, నది మూసేస్తే డబ్బు తిరిగిస్తారా, వేరే చేపకు మారుస్తారా, పడవలో ఎంతమంది. లైసెన్సు ఎప్పుడూ మీదే. టిప్పు 15–20 శాతం మామూలు. దిగువ, మధ్య కీనైలో సీజన్ నెలల్లో గైడ్లు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకానే పనిచేయాలి, ఆది, సోమవారాల మీదా ఆంక్షలుంటాయి. ఆ రెండు రోజులే ఖాళీ ఉన్నవాళ్లు ఎగువ కీనై వైపు చూడాలి.

### అద్దె తెప్ప

చూడటానికి చౌక. కూపర్ లాండింగ్ నుంచి జిమ్స్ లాండింగ్ దాకా 13 మైళ్లు. నీరు హిమనదాల నుంచి వచ్చేది కాబట్టి ఎండాకాలంలోనూ ఎముకలు కొరికేంత చల్లన. జిమ్స్ లాండింగ్‌లో ఒడ్డెక్కడం తప్పితే ఆ తర్వాత కీనై కాన్యన్. అందులో ప్రమాద లెక్కలో మూడో తరగతి (క్లాస్ 3) ఉరవడులు, దాటాక గాలికి అలలు లేచే స్కిలాక్ సరస్సు. తెడ్డు అలవాటు లేనివాళ్లు దీని జోలికి పోవద్దు.

## రెండు చిన్న సంగతులు

యాంకరేజ్ దాటే తీరిక లేనివాళ్లకు నగరం నడిబొడ్డున షిప్ క్రీక్ ఉంది. హేచరీలో పెంచి వదిలిన చేపలు అవి. జూన్‌లో కింగ్, ఆగస్టులో కోహో. కింగ్ స్టాంపు అవసరమయ్యేది ఇక్కడే. ఆటు నీరు తగ్గినప్పుడు ఒండ్రు మట్టిలో కాలు కూరుకుపోతే బయటికి రాదు, గులక ఉన్నచోటే నిలబడాలి.

జులై 10 నుంచి 31 దాకా కీనై ముఖద్వారం దగ్గర పెద్ద వలలతో కుటుంబాలు పెట్టెల నిండా చేపలు పట్టడం చూస్తారు. అది డిప్‌నెట్టింగ్, అలాస్కా నివాసులకే. కుటుంబ పెద్దకు ఏడాదికి 25, మిగతా ఒక్కొక్కరికి 10. యాంకరేజ్‌లో ఉంటున్న బంధువులు పిలిచినా, నాన్ రెసిడెంట్లు వల కర్ర పట్టుకోకూడదు. ఇసుకలో కూర్చుని చూడొచ్చు.

## చేపను ఇంటికి చేర్చడం

సాకై సగటున ఆరు పౌండ్లు. చక్కగా కోస్తే మూడున్నర, నాలుగు పౌండ్ల ముక్కలొస్తాయి. పట్టగానే తలపై కొట్టి, మొప్పలు తెంపి రెండు మూడు నిమిషాలు నీళ్లలో వేలాడదీస్తే రక్తం పోతుంది. ఈ పని ఆలస్యం చేస్తేనే పులుసులో నీచు వాసన. వెంటనే ఐసులో పెట్టాలి. సొల్డొట్నాలో వాక్యూమ్ ప్యాకింగ్, ఫ్రీజింగ్ పౌండు లెక్కన చేసే దుకాణాలున్నాయి. కనీసం ఒక రాత్రి పడుతుంది కాబట్టి విమానం రోజునే వేటకు వెళ్లకండి. గట్టిగా గడ్డకట్టిన ప్యాకెట్లను 50 పౌండ్ల లోపు పెట్టెలో సర్ది చెక్‌ఇన్ లగేజీగా వేయొచ్చు. డ్రై ఐస్ వాడితే 2.5 కిలోలు మించకూడదు, విమాన సంస్థకు ముందే చెప్పాలి. మీ వాటా చేపలను వేరేవాళ్ల పెట్టెలో పంపుతుంటే ట్రాన్స్‌ఫర్ ఆఫ్ పొజెషన్ అనే ఫారం నింపి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఆ కాగితం పెట్టెతోపాటే ఉంచండి.